ఆరడుగుల బోర్డు చవకగా వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, బ్యాంకు ఉద్యోగం. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, బరువు 58 కిలోలు. ఈత వచ్చు. మొన్న వేసవిలో విశాఖపట్నం వెళ్లి రుషికొండ బీచిలో నాలుగు రోజులు సర్ఫింగ్ పాఠాలు నేర్చుకున్నాను. నురుగు అలల మీద అప్పుడప్పుడూ లేచి నిలబడగలుగుతున్నాను. ఇక సొంత బోర్డు కొనుక్కుని, సెలవు రోజుల్లో సూర్యలంక వెళ్లి సాధన చేయాలని ఉంది. విశాఖలో తెలిసినవారు ఒకరు విదేశానికి వెళ్లిపోతూ తమ ఆరడుగుల ఫైబర్ బోర్డును సంచితో సహా 12,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. మా శిక్షకుడు మాత్రం ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డే తీసుకోమన్నారు. అది మన కారులో పట్టదని, పైగా రెండు నెలల్లో మొహం మొత్తుతుందని తమ్ముడి వాదన. రెండో అంతస్తు ఫ్లాటులో ఎనిమిదడుగుల వస్తువు ఎక్కడ పెడతావని అమ్మ అడుగుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: కొనవద్దు. మీ శిక్షకుడు చెప్పిందే సరైన మాట. తమ్ముడి మాటలో సగం నిజముంది, దాని సంగతి తర్వాత చూద్దాం. అన్నింటిలోకీ గట్టి ప్రశ్న అమ్మగారిదే. దానికి చివర్లో వస్తాను.

ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఇప్పుడు వేయబోతున్న తప్పటడుగు నేను ఇరవై ఏళ్ల కిందటే వేశాను. మహాబలిపురంలో ఒక విదేశీ యాత్రికుడు ఊరు విడిచి వెళుతూ తన బోర్డు అమ్మాడు. అయిదడుగుల పదంగుళాలు. తెల్లగా, సన్నగా, మొన తేలి, చూసిన కళ్లు పక్కకు తిప్పుకోలేనంత అందంగా ఉండేది. ఎగిరి గంతేసి విజయవాడ తెచ్చుకున్నాను. తర్వాతి రెండేళ్లలో దాన్ని పట్టుకుని పదిహేనుసార్లు సముద్రానికి వెళ్లి ఉంటాను. దాని మీద ఒక్కసారి కూడా నిలబడలేదు. ఛాతీ ఆనించగానే బోర్డు నీళ్లలోకి దిగిపోయేది. గడ్డం దాకా మునిగి నేను చేతులు ఆడిస్తూ ఉంటే, అల నా కిందనుంచి తన దారిన తాను వెళ్లిపోయేది. నాకు ఒడుపు లేదనుకున్నాను, వయసు మీరిందనుకున్నాను, చివరికి మానేశాను. వరండాలో ఆ బోర్డు చాలాకాలం బట్టలారేసుకునే దండెంగా ఉపయోగపడింది. మళ్లీ సర్ఫింగ్ జోలికి వెళ్లడానికి ఆరేళ్లు పట్టింది. అప్పుడు ఎవరో తొమ్మిదడుగుల ఫోమ్ బోర్డు చేతికిచ్చారు. మొదటి ఉదయమే లేచి నిలబడ్డాను.

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో మన ఊళ్ల లెక్కలోనే చెబుతాను. పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండ్లు కట్టేవారు, కొన్నిచోట్ల ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవారు. కాలువల దగ్గర లారీ ట్యూబు ఉండనే ఉంది. పిల్లవాడి ఒడ్డూ పొడుగూ చూసి ఎన్ని బెండ్లు కట్టాలో పెద్దవాళ్లు అంచనా వేసేవారు. సర్ఫ్‌బోర్డు ఎంపికలోనూ మొదటి లెక్క అదే. కాకపోతే ఇక్కడ దాన్ని లీటర్లలో చెబుతారు, బోర్డు ఘనపరిమాణం ఎన్ని లీటర్లు అని. నీటిలో మునిగిన ప్రతి లీటరు పరిమాణం దాదాపు ఒక కిలో బరువును మోస్తుంది.

మీకు వస్తున్న ఆరడుగుల బోర్డు వెడల్పు పద్దెనిమిదిన్నర అంగుళాలు, మందం రెండుంబావు అనుకుందాం. ఆ పొడవు బోర్డులకు ఇది మామూలు కొలతే. దాని పరిమాణం ఇరవై ఆరు, ఇరవై ఏడు లీటర్లకు మించదు. బోర్డు సొంత బరువు ఓ మూడు కిలోలు తీసేస్తే, అది పూర్తిగా మునిగినా మోయగలిగేది 23, 24 కిలోలే. మీరు 58. మిగిలిన బరువు మోయడానికి మీ శరీరంలో కొంత భాగం నీళ్లలోకి దిగాల్సిందే. అందుకే నేను గడ్డం దాకా మునిగాను. ఇప్పుడు మీ శిక్షకుడు చెప్పిన ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు చూడండి. ఇరవై రెండున్నర అంగుళాల వెడల్పు, మూడుంబావు మందం ఉంటే సుమారు 70 లీటర్లు. సొంత బరువు ఏడు కిలోలు అనుకున్నా ఇంకా 63 మిగులుతాయి. మీరు మొత్తం నీటి పైనే ఉంటారు.

అమ్మకపు ప్రకటనల్లో చాలాసార్లు లీటర్లు రాయరు. పొడవు, వెడల్పు, మందం మూడింటినీ అంగుళాల్లోకి మార్చి గుణించి, వచ్చినదాన్ని 61తో భాగించండి. అది పెట్టె లెక్క. బోర్డు కొసలు సన్నబడతాయి కాబట్టి సన్నని బోర్డుకైతే అందులో సగానికి కాస్త పైన, లావుపాటి ఫోమ్ బోర్డుకైతే నూటికి అరవై వంతులు వేసుకోండి. బ్యాంకులో ఉన్నారు కాబట్టి మీకు ఈ లెక్క కష్టం కాదు. కొత్తగా నేర్చుకునేవారికి కిలోల్లో వారి బరువు ఎంతో, లీటర్లు కనీసం అంత ఉండాలి, ఇంకో పది పదిహేను ఎక్కువున్నా మంచిదే. మీకు అరవై అయిదు నుంచి డెబ్బై అయిదు మధ్య అని రాసిపెట్టుకోండి.

తేలడం ఒక్కటే కాదు, వేగం కూడా కావాలి. మీటరు లోతు నీటిలో అల గంటకు దాదాపు 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసే కొత్తవారి వేగం అందులో మూడో వంతు ఉంటే గొప్ప. మిగతాది అలే ఇవ్వాలి. పొడవాటి, వెడల్పాటి బోర్డు నీటిని తొక్కుకుంటూ పోకుండా నీటి మీద జారుతుంది, అందుకే చిన్న అల తోపుకే అందుకుంటుంది. పొట్టి బోర్డుకు అల బాగా నిటారుగా లేచాకగానీ ఊపు రాదు. ఆ క్షణానికి లేచి నిలబడేందుకు మీకు ఉండేది ఒక్క సెకను. ఈ విషయం మన తీరపు మత్స్యకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తేలిక దుంగలు వరసగా పేర్చి కట్టిన తెప్ప మీద నురుగు దాటి వెళ్లి, అదే నురుగు మీద జారుతూ ఒడ్డుకు వచ్చేవారు.

ఇక తమ్ముడి మాట, రెండు నెలల్లో మొహం మొత్తుతుందని. నెలకు నాలుగు రోజులు వెళ్లగలిగేవారు రెండు నెలల్లో ఎనిమిది రోజులు నీళ్లలో ఉంటారు. ఎనిమిది రోజుల్లో ఎనిమిదడుగుల బోర్డును దాటి ఎదిగినవారిని నేనింకా చూడలేదు. విరగని పచ్చటి అలను మీ అంతట మీరు ఎంచుకుని, పదిసార్లలో ఏడెనిమిదిసార్లు అందుకుని, ఒడ్డుకు నేరుగా రాకుండా అల వెంట పక్కకు జారుతూ వెళ్లగలిగిన రోజున చిన్న బోర్డు గురించి ఆలోచించండి. సముద్రానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉద్యోగస్తులకు దానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. పెద్ద బోర్డంటే పిల్లల బోర్డని తమ్ముడు అనుకుంటూ ఉంటే ఒక సంగతి చెప్పండి. 1960ల చివరిదాకా ప్రపంచంలో ఆరితేరినవారు కూడా తొమ్మిది, పది అడుగుల బోర్డుల మీదే స్వారీ చేశారు. హవాయి నుంచి వచ్చిన ఒలింపిక్ ఈతగాడు డ్యూక్ కహనమోకు ఈ ఆటతో ఆస్ట్రేలియా జనాన్ని ముగ్ధుల్ని చేసింది ఎనిమిదడుగులు దాటిన చెక్క బోర్డు మీదే. పొట్టి బోర్డుల మోజు ఆ తర్వాత వచ్చింది. సూర్యలంకలో మామూలు రోజుల్లో వచ్చే చిన్న, మెత్తని అలలకైతే మీరు ఎంత నేర్చుకున్నా పెద్ద బోర్డే నప్పుతుంది.

అయితే తొమ్మిదడుగులదే తీసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నాకైతే అదే చెబుతారు, నేను ఎనభై రెండు కిలోలు. మీ ఎత్తుకు వద్దు. తొమ్మిదడుగుల ఫోమ్ బోర్డుల వెడల్పు చాలావరకు ఇరవై మూడు అంగుళాలు దాటుతుంది. దాన్ని చంకలో ఇరికించుకుంటే చేతి వేళ్లు కింది అంచుకు అందవు. ఎదురుగాలిలో ఇసుక మీద రెండు వందల మీటర్లు అలా నడిచిచూస్తే నా మాట అర్థమవుతుంది, గాలి మనిషిని బోర్డుతో సహా తిప్పేస్తుంది. నెత్తిన పెట్టుకుని మోయవచ్చు, చాలామంది మోస్తారు. కానీ నీళ్లలో దాన్ని తిప్పడం, అల మీదకు వస్తుంటే నిలబెట్టుకోవడం మీ బరువుకు కష్టం. ఎనిమిదడుగులు సరిగ్గా సరిపోతుంది. ఏడున్నర అడుగులది దొరికి, లీటర్లు అరవై అయిదు దాటితే అదీ పరవాలేదు.

ఫోమ్ బోర్డే ఎందుకంటే, ఏ బోర్డయినా ఎప్పుడో ఒకప్పుడు నెత్తికి తగులుతుంది కాబట్టి. కొత్తవారికి అయ్యే దెబ్బల్లో చాలా భాగం సొంత బోర్డు వల్లే అవుతాయి. మెత్తని పై తొడుగు, అడుగున వంగే ప్లాస్టిక్ రెక్కలు (ఫిన్‌లు) ఉన్న బోర్డు తగిలితే బొప్పి కడుతుంది. ఫైబర్ బోర్డు మొన, గట్టి రెక్క తగిలితే కుట్లు పడతాయి. మీ పక్కన స్నానం చేస్తున్న పిల్లలకు తగిలినా అంతే. సూర్యలంకలో ఆదివారం జనం ఎలా ఉంటారో మీకు తెలుసు. కొనేముందు లోపలి సంగతి అడగండి. ఫోమ్ మధ్యలో పొడవునా చెక్క బద్దలు ఉండాలి. బద్దల్లేని చవక బోర్డు కొన్నాళ్లకు నడుము విరిగిన మంచంలా అవుతుంది. కింది రెక్కలు మూడుంటే చాలు, 1981లో సైమన్ ఆండర్సన్ అనే ఆస్ట్రేలియా వాడు ఆ పద్ధతిని నిలబెట్టినప్పటినుంచీ లోకమంతా అదే వాడుతోంది. రెక్కల రకాల మీద గంటలకొద్దీ వాదించేవారి మాటలు ఇప్పుడే చెవిన పెట్టవద్దు.

కాలికి కట్టుకునే తాడు, అదే లీష్, బోర్డు పొడవుకు తగ్గకుండా ఉండాలి. మీకు ఎనిమిదడుగులది. అది వెనక కాలి చీలమండకు కట్టాలి. మీ వెనక కాలు ఏదో తెలియకపోతే, మీరు చూడకుండా తమ్ముణ్ణి వెనకనుంచి మెల్లగా తోయమనండి. తూలి ముందుకు వేసిన కాలు బోర్డు మీద కూడా ముందుంటుంది, రెండోది వెనకది. బోర్డు పాతది కొన్నా లీష్ మాత్రం కొత్తదే కొనండి. ఉప్పుకు, ఎండకు నానిన తాడు ఏ రోజు తెగుతుందో చెప్పలేం, తెగేది ఎప్పుడూ లోతులోనే.

పాత బోర్డు చూడటానికి వెళితే పుచ్చకాయను తట్టి చూసినట్టు మొత్తం తట్టి చూడండి. ఒకచోట బోలుగా మోగితే పై పొర లోపలి ఫోమ్ నుంచి విడిపోయిందని అర్థం. ఫోమ్ బోర్డయితే తొడుగు అంచుల్లో లేచిందా, బుడగలు వచ్చాయా చూడండి. అడ్డంగా ముడత గీత కనిపిస్తే అది ఒకసారి విరగబోయిన బోర్డు, ఎంత తగ్గించినా వద్దు. రెక్కలు దిగే గాడుల చుట్టూ వేలితో రాయండి, పగుళ్లుంటే నీళ్లు లోపలికి పోతున్నట్టే. తలకిందులుగా నిలబెట్టి ఓ పావుగంట వదిలేయండి. కింద తడి చేరిందంటే అమ్మేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక మన ఎండ. అలలకన్నా ఎక్కువ బోర్డుల్ని పాడుచేసేది ఇదేనని నా అనుభవం. గుంటూరు, విజయవాడల్లో మే నెల మధ్యాహ్నం తలుపులు వేసిన కారు లోపల ఉండే వేడికి ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పై పొరను లేపేస్తుంది. ఉదయం మంచిగా పెట్టిన బోర్డు సాయంత్రానికి పూరీలా పొంగి ఉంటుంది, ఇక దాన్ని బాగుచేయడం ఉండదు. భోజనానికి బాపట్లలో ఆగినప్పుడు కారును నీడలో పెట్టి, అద్దాలు దించి, బోర్డు కనపడే బల్ల దగ్గరే కూర్చోండి. ఇంటి డాబా మీద మిరపకాయలతో పాటు ఆరబెట్టే ఆలోచన అసలు వద్దు. కాలు జారకుండా రాసే మైనం వేడి దేశాలదని అడిగి కొనండి. అదైనా మన వేసవిలో సంచిలో వెన్నలా కరిగి మిగతా సామాన్లకు పూసుకుంటుంది, డబ్బాలో ఉంచండి. మెత్తని తొడుగు గరుకుగా ఉంటే మైనం అవసరమే పడకపోవచ్చు.

కారులో పట్టదన్న తమ్ముడి మాట ఉంది చూశారూ, నేను సగం నిజమన్నది అదే. ఎనిమిదడుగులంటే 244 సెంటీమీటర్లు. ముందు సీటు పూర్తిగా వాల్చి, డ్యాష్‌బోర్డు నుంచి వెనక తలుపు దాకా టేపు పెట్టి కొలవండి. కొన్ని కార్లలో పడుతుంది, అప్పుడు ముందు సీటు తమ్ముడికి ఉండదు. పట్టకపోతే కారు పైకప్పు మీద మెత్తని దిండ్లు వేసి వెడల్పాటి గుడ్డ పట్టీలతో కట్టాలి. మీ ఊళ్లో మిర్చి టిక్కీలు కట్టే కొబ్బరి పీచు తాడు మాత్రం వాడవద్దు, పొన్నూరు చేరేలోపే ఫోమ్‌ను కోసేస్తుంది. పట్టీలను మరీ బిగించినా గుంటలు పడతాయి. రెక్కలు పైకి ఉండాలి, ముందువైపు రావాలి.

సూర్యలంక గురించి రెండు మాటలు చెప్పకుండా బోర్డు గురించి ఎంత రాసినా లాభం లేదు. అక్కడ మునిగిపోయినవారి వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. నీరు లోతుగా కనిపించకపోయినా ఇసుక తిన్నెల మధ్య గుంటలు, వాటిలోంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు ఉంటాయి. నాలుగు రోజుల పాఠాలతో ఒంటరిగా వెళ్లవద్దు. తమ్ముడు ఒడ్డున ఉంటే చాలదు, ఈత వచ్చినవారు నీళ్లలో తోడుండాలి. పోలీసులు, గజ ఈతగాళ్లు ఇక్కడ దిగవద్దంటే వాదన పెట్టుకోకండి. జనం లేని తెల్లవారుజామే మంచిదన్నది నిజమే, కానీ సహాయం లేని వేళ కూడా అదే, అందుకని బాగా వెలుగు వచ్చాకే దిగండి. మీరు నడుము లోతు దాటకుండా నురుగు అలలతోనే సాధన చేయాలి. ప్రవాహం లాగితే బోర్డు వదలవద్దు. దానికి ఎదురీదకుండా, బోర్డు మీద పడుకుని ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోయి, లాగుడు తగ్గాక నురుగుతో బయటికి రండి. డెబ్బై లీటర్ల బోర్డుకు ఇక్కడ ఇంకో ప్రయోజనం కనిపిస్తుంది. బయల్దేరే ముందు రోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచన చూడండి, అలల ఎత్తు, హెచ్చరికలు అందులో ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండమన్న మాట వినబడితే బోర్డును మంచం కిందనుంచి తీయనే వద్దు.

దుస్తుల సంగతి మీరు అడగలేదు గానీ, ఒక మాట. ఒంటికి అతుక్కునే నిండు చేతుల ఈత చొక్కా, మోకాళ్లు దాటే బిగుతు ప్యాంటు వేసుకోండి. ఫోమ్ తొడుగు పొట్టను, మోకాళ్లను గీకి మంట పెడుతుంది. వదులు కుర్తా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది.

అసలు ఇప్పుడే కొనాలా అన్న ప్రశ్న మిగిలింది. ఏడాదిలో ఎన్ని రోజులు నిజంగా వెళ్లగలరో క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కించండి. బ్యాంకు సెలవులు, పెళ్లిళ్లు, వాయుగుండాలు తీసేయండి. పది రోజులు తేలితే కొనడం దండగ. ఆ డబ్బుతో విశాఖకో, చెన్నై దగ్గర కోవలానికో వెళ్లి వారం ఉండి, పాఠంతో పాటు ఇచ్చే బోర్డు వాడుకోండి. పాతిక ముప్పై రోజులు తేలితే కొనండి, నిశ్చింతగా. అయినా కొనేముందు ఒకసారి రుషికొండ వెళ్లి ఒకే రోజున ఏడున్నర, ఎనిమిది, తొమ్మిది అడుగుల బోర్డులు మార్చి మార్చి ఎక్కిచూడండి. నేను ఇక్కడ రాసినదంతా గంటలో మీ చేతులకే తెలిసిపోతుంది.

ఇప్పుడు అమ్మగారి ప్రశ్న. ఎనిమిదడుగుల బోర్డు మీ లిఫ్టులో పట్టడం అనుమానమే, మెట్ల మీదుగానే ఎక్కించాలి. మెట్ల మలుపుల్లోనే తిప్పలన్నీ. కాబట్టి బోర్డు కన్నా ముందు హార్డ్‌వేర్ దుకాణంలో ఎనిమిదడుగుల ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి కోయించుకుని రెండో అంతస్తుకు మోసుకెళ్లండి. మెట్ల మలుపు తిరిగిందా, గుమ్మంలోంచి నడవాలోకి మళ్లిందా, ఏ గోడ పక్కన పడుకోబెడితే ఎవరి కాళ్లకూ తగలదో ఆ పైపుతోనే తేల్చుకోండి. ఎండ పడని గోడ కావాలి, వంటగది పక్కది వద్దు. తర్వాత డాబా మీద ముగ్గుపిండితో ఎనిమిదడుగుల పొడవు, ఇరవై రెండున్నర అంగుళాల వెడల్పు గీసి, అందులో బోర్లా పడుకుని ఒక్క ఊపున లేచి నిలబడటం రోజుకు ఇరవైసార్లు సాధన చేయండి. పాదాలు గీత దాటుతున్నాయేమో అమ్మగారిని చూడమనండి.

విశాఖలో బోర్డు ఇస్తామన్నవారికి ఈ వారమే వద్దని చెప్పేయండి, ఊరు విడిచి వెళ్లేవారిని ఆశపెట్టి ఉంచడం బాగుండదు. పైపు మెట్ల మలుపు తిరిగిందో లేదో మాత్రం నాకు రాయండి.